ఇంటి ఓవెనులో సమమైన సెగ

ధర్మపురి జిల్లాలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు రాగి కొత్త ధాన్యం కాదు. సంగటిగా, అంబలిగా, రొట్టెగా మన ఇండ్లలో ఎప్పటినుండో వాడుకలో ఉన్నదే. తమిళనాట రాగిపంటకు ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలు పేరు పొందినవి. పైయూరులోని వ్యవసాయ పరిశోధనా కేంద్రంవారు రాగిలోను, సామలోను కొత్త రకాలు తయారుచేసి రైతులకు అందించారు. 2023వ సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడే తమిళనాడు ప్రభుత్వం నీలగిరి, ధర్మపురి జిల్లాల రేషను కార్డుదారులకు బియ్యంలో కొంత భాగానికి బదులుగా 2 కిలోల రాగులు ఇచ్చే ఏర్పాటును ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది.

ధాన్యం పాతదే గాని దానిని వండే సాధనం కొన్ని ఇండ్లలో మారింది. ఏరియూరు వంటి ఊళ్లలో కూడ ఇప్పుడు బల్లమీద పెట్టుకొనే చిన్న కరెంటు ఓవెనులు అక్కడక్కడ కనిపిస్తున్నవి. పెండ్లికి కానుకగా వచ్చినవి కొన్ని, బెంగుళూరులో ఉద్యోగం చేసే పిల్లలు కొని పంపినవి కొన్ని. వాటిలో రాగి బిస్కత్తులు, కేకులు చేసి ఇంట్లో పిల్లలకు పెట్టేవారున్నారు. ఇరుగుపొరుగుకు అమ్మి నాలుగు డబ్బులు కళ్లచూసేవారూ ఉన్నారు. తమిళనాట మహిళా స్వయంసహాయ సంఘాల ఉద్యమం మన ధర్మపురి జిల్లాలోనే ఆరంభమైందన్న సంగతి నేటి పిల్లలలో చాలమందికి తెలియదు. అంతర్జాతీయ వ్యవసాయాభివృద్ధి నిధి సహాయంతో 1989లో ఇక్కడ ఆ పని మొదలైంది. 2004లో వేరుపడిన కృష్ణగిరి జిల్లా కూడ అప్పుడు ఇందులోనే ఉండేది. కనుక పదిమంది ఆడవాళ్లు కూడి, పొదుపు చేసి, చిన్న వ్యాపారం పెట్టుకోవడం ఈ సీమకు అలవాటైన పనే.

అయితే ఇంటి ఓవెనుతో పని ఆరంభించిన ప్రతివారికీ ఒక చిక్కు ఎదురవుతుంది. పళ్లెంలో ఇరవై బిస్కత్తులు పేరిస్తే మూలలవి మాడిపోతవి, నడిమివి మెత్తగా ఉండిపోతవి. కేకు అంచులు గట్టిపడి, నెత్తిన బుడిపె లేచి పగిలి, లోపల పిండి పిండిగా ఉంటుంది. ఒక్కొక్కసారి అడుగు నల్లగాను, పైభాగం తెల్లగాను వస్తుంది. ఇంట్లో తినడానికైతే సర్దుకొనవచ్చు. అమ్మకానికైతే ఎట్లా? ఇరవైలో నాలుగు మాడి, మూడు పచ్చిగా ఉంటే చేతికి వచ్చేవి పదమూడే. వెన్న, బెల్లం, కరెంటు ఖర్చు మాత్రం ఇరవైకీ అయింది. చిన్న వ్యాపారంలో మిగిలే లాభమంతా ఆ ఏడింటితోనే పోతుంది.

ఆరోగ్యం సంగతి కూడ ఆలోచించవలసినదే. పచ్చిగా మిగిలిన బిస్కత్తులో తేమ ఉండి త్వరగా బూజు పడుతుంది. గుడ్డు వేసిన కేకు నడుమ సరిగా కాలకపోతే కడుపుకు చేటు. మాడినవైతే మరొక బాధ. పిండిపదార్థాలు అధికమైన వేడిలో కాలినప్పుడు అక్రిలమైడ్ అనే పదార్థం పుడుతుందని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సుమారు 120 డిగ్రీల సెంటిగ్రేడు దాటిన వేడిలో ఇది పుడుతుంది. రంగు ముదిరినకొద్దీ పెరుగుతుంది. జంతువులకు అధిక మోతాదులో ఇచ్చిన ప్రయోగాలలో ఇది కాన్సరు కలిగించింది కనుక, కాల్చే పదార్థాలను బంగారు రంగు వరకే కాల్చడం మంచిదని ఆరోగ్య శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

ఇటువంటి సమయాలలో మనం పిండిని అనుమానిస్తాము. సోడా ఎక్కువైందేమో, పాలు తక్కువైనవేమో అనుకొంటాము. చాలసార్లు దోషం ఓవెను సెగలో ఉంటుంది. మీటమీద ఉన్న అంకెను అట్లాగే నమ్మక, మన ఓవెనులో సెగ ఎక్కడ ఎట్లా ఉన్నదో ఒకసారి పరీక్షించి తెలుసుకొంటే ఈ చిక్కు ముప్పాతిక భాగం తీరిపోతుంది. ఆ పరీక్షకు పెద్ద చదువూ అక్కరలేదు, పెద్ద ఖర్చూ లేదు.

దిబ్బరొట్టె నేర్పే పాఠం

ఓవెను పరదేశపు సాధనమే గాని, పైనా క్రిందా సెగ పెట్టి కాల్చడం మన పెద్దలకు బాగా తెలిసిన విద్య. గోదావరి జిల్లాల దిబ్బరొట్టెనే చూడండి. మినప్పప్పు నానబెట్టి రుబ్బి, బియ్యపు రవ్వ కలిపి, మందపాటి మూకుడులో నూనె వేసి దళసరిగా పోస్తారు. క్రింద సన్నని సెగ పెట్టి మూత వేస్తారు. వెనుకటి రోజులలో ఆ మూతమీద కూడ నిప్పులు పోసేవారు. క్రింది నిప్పు ఒక్కటే అయితే అడుగు ఎర్రబడి మాడే వేళకు కూడ పైభాగం పచ్చిగానే ఉంటుంది. పైనిప్పు తోడైతే రెండు వైపులనుండీ వేడి నడుమకు ప్రయాణం చేసి రొట్టె అంతా ఒక్క తీరున కాలుతుంది.

ఇందులో మూడు సూత్రాలున్నవి. సెగ రెండు వైపులా ఉండవలెను. సెగ సన్నగా ఉండి, నడుమకు వేడి చేరడానికి తగిన వ్యవధి ఇవ్వవలెను. పాత్ర మందంగా ఉండవలెను. ఈ మూడింటినీ గుర్తుంచుకొంటే ఏ ఓవెనునైనా లొంగదీయవచ్చు.

మందం ఎందుకంటే, బరువైన వస్తువు వేడిని త్రాగి దాచుకొని, మెల్లమెల్లగా అన్ని వైపులా ఒకే విధంగా విడుస్తుంది. హైదరాబాదులోని పాత ఇరానీ బేకరీల ఇటుక భట్టీలలో రొట్టె చక్కగా కాలడానికి కారణం ఇదే. భట్టీలో మంట తగ్గిన తరువాత కూడ దళసరి గోడలు గంటల తరబడి కాక ఇస్తవి. స్వీడన్ దేశస్థుడు గుస్తాఫ్ డాలెన్ 1922లో తయారుచేసిన ‘ఆగా’ అనే పోతఇనుప పొయ్యి కూడ ఈ సూత్రం మీదనే పనిచేస్తుంది. ఈయన భౌతికశాస్త్రంలో 1912వ సంవత్సరపు నోబెల్ బహుమతి పొందినవాడు. ఆ ఏడే ఒక ప్రయోగంలో పేలుడు జరిగి రెండు కళ్లూ పోగొట్టుకొన్నాడు. చూపు పోయిన తరువాతనే ఈ పొయ్యిని రూపొందించాడు.

మన బల్లమీది ఓవెనుకు అటువంటి బరువు లేదు. అది పలుచని రేకు పెట్టె. పైన రెండు, క్రింద రెండు రాడ్లు; వాటికీ పళ్లేనికీ మధ్య నాలుగైదు అంగుళాల దూరం. కనుక దానిలో సెగ హెచ్చుతగ్గులు సహజం.

అంకె ఒకటి, సెగ ఒకటి

ఓవెనులో వేడి పదార్థానికి మూడు మార్గాలలో చేరుతుంది. ఎర్రగా కాలిన రాడ్లనుండి, గోడలనుండి ఎండ తగిలినట్లు నేరుగా తగిలేది ఒకటి. లోపల తిరిగే వేడిగాలి వలన వచ్చేది రెండవది. పళ్లెం కాగి దానికి ఆనిన పిండిని కాల్చేది మూడవది. మీటమీద మనం పెట్టే 180 అన్న అంకె గాలి వేడిని మాత్రమే, అదీ కొలిచే సాధనం ఉన్న చోటునుబట్టి, చెబుతుంది. రాడ్డుకు దగ్గరగా ఉన్న బిస్కత్తుకు తగిలే సెగ ఆ అంకెలో కనిపించదు.

ఆ అంకె కూడ నిలకడగా ఉండదు. ఓవెనులోని థెర్మోస్టాట్‌లో సాధారణంగా రెండు వేరువేరు లోహాలను అతికించిన బద్ద ఉంటుంది. వేడికి ఒక లోహం ఎక్కువగాను మరొకటి తక్కువగాను సాగడం వలన బద్ద వంగి కరెంటును తెంచుతుంది. చల్లబడినప్పుడు మళ్లీ కలుపుతుంది. అందువల్ల లోపలి వేడి మనం పెట్టిన అంకెకు పైకీ క్రిందికీ ఊగుతూ ఉంటుంది. ఇంగ్లండులో గ్యాసు ఓవెనులకు ‘రెగ్యులో’ అనే వేడిని అదుపుచేసే మీట 1923లో వచ్చింది. అంతకు పూర్వం అక్కడి గృహిణులు తెల్లకాగితమో, కొంచెం పిండో లోపల పెట్టి, అది ఎంతసేపటికి ఎంత ఎర్రబడిందో చూసి వేడిని అంచనా వేసుకొనేవారు. మీట వచ్చిన తరువాత ఆ పరీక్ష మరుగునపడింది గాని, దాని అవసరం నేటికీ తీరలేదు.

కాబట్టి మొదటి నియమం ఇది. దీపం ఆరగానే పళ్లెం లోపల పెట్టకండి. గాలి కాగినంత మాత్రాన గోడలు కాగినట్లు కాదు. దీపం ఆరిన తరువాత మరి పది నిమిషాలు ఓపికపట్టండి. ఆ పైన తలుపును మాటిమాటికీ తెరవకండి. తెరిచిన ప్రతిసారీ వేడిగాలి బయటికి పోతుంది, రాడ్లు మళ్లీ ఎర్రబడతవి, పైభాగం మాడుతుంది.

రొట్టెముక్కల పరీక్ష

ఇక అసలు పరీక్ష. బేకరీనుండి ముక్కలు కోసిన మామూలు తెల్ల రొట్టె ఒకటి తెప్పించండి. ఓవెనును 180 డిగ్రీల వద్ద బాగా కాగనిచ్చి, నడిమి అంతస్తులోని తీగెల జాలీమీద ముక్కలను ఒకదాని ప్రక్క ఒకటి పరచండి. అయిదు నిమిషాల తరువాత అద్దంలోనుండి చూస్తూ ఉండండి. కొన్ని ముక్కలు బాగా ఎర్రబడగానే అన్నింటినీ ఉన్న వరుసలోనే బయటికి తీసి బల్లమీద పేర్చండి. ఎక్కడ సెగ ఎక్కువో, ఎక్కడ తక్కువో కంటికి కట్టినట్లు కనబడుతుంది. తిరగవేసి అడుగుభాగం కూడ చూడండి. పై రాడ్డుకూ క్రింది రాడ్డుకూ ఉన్న తేడా దానివలన తెలుస్తుంది.

ఒక కాగితం మీద చతురస్రం గీసి, ఎర్రబడిన చోట గుర్తు పెట్టి, తేదీ వేసి వంటింటి గోడకు అంటించండి. మీ ఓవెనుకు అదే జాతకం. సాధారణంగా తలుపు వైపు చల్లగాను, వెనుకవైపు వేడిగాను ఉంటుంది గాని, ఏ రెండు ఓవెనులూ ఒక్క తీరుగా ఉండవు. పొరుగింటివారి జాతకం మనకు పనికిరాదు. పరీక్షకు వాడిన రొట్టెముక్కలలో మాడినవి తీసివేసి, మిగిలినవి పొడిచేసుకొంటే కట్లెట్లకు పనికివస్తుంది.

అంకె ఎంతవరకు నిజమో తెలుసుకోవడానికి లోపల వ్రేలాడదీసే చిన్న థెర్మామీటరు ఒకటి కొనడం ఉత్తమం. అది దొరకనివారు పంచదారతో చూడవచ్చు. పంచదార సుమారు 186 డిగ్రీల వద్ద కరుగుతుంది. అల్యూమినియం రేకుమీద చెంచాడు పంచదార పోసి, మీట 175 వద్ద ఉంచి పావుగంట చూడండి, కరగకూడదు. తరువాత 190కి పెంచి మరొక పావుగంట ఉంచితే కరగవలెను. మొదటిసారే కరిగిందంటే ఓవెను చెప్పినదానికంటె ఎక్కువ కాగుతున్నది. రెండవసారి కూడ కరగలేదంటే తక్కువ కాగుతున్నది. కరిగిన పంచదార చర్మానికి అంటుకొని కాలుస్తుంది, పిల్లలను దూరంగా ఉంచండి సుమా.

పళ్లెం, టిన్ను

జాతకం తెలిసిన తరువాత పాత్రల సంగతి. చాలమంది చేసే పని, ఓవెనులో ఎంత పెద్ద పళ్లెం పడితే అంత పెద్దది పెట్టడం. అది గోడనుండి గోడకు తెర కట్టినట్లవుతుంది. క్రింది వేడి పైకి పోలేక అడుగు మాడుతుంది. పళ్లేనికి నాలుగు వైపులా అంగుళం, అంగుళంన్నర ఖాళీ ఉండవలెను, గాలి తిరగడానికి.

మన ఇండ్లలో స్టెయిన్‌లెస్ స్టీలు పళ్లేలకు, గిన్నెలకు కొదువ లేదు. అవి భోజనానికి మంచివే గాని, కాల్చడానికి తగినవి కావు. అల్యూమినియం స్టెయిన్‌లెస్ స్టీలుకంటె పది రెట్లకు పైగా బాగా వేడిని ప్రసరింపజేస్తుంది. కనుక దళసరి అల్యూమినియం పళ్లెంలో వేడి అంతటా పరచుకొంటుంది. స్టీలులో తగిలిన చోటనే నిలిచి అక్కడ మాడుస్తుంది. నల్లని పళ్లేలు రాడ్ల సెగను ఎక్కువగా త్రాగుతవి. వాటిని వాడేటప్పుడు వేడిని పది పదిహేను డిగ్రీలు తగ్గించండి. గాజు పాత్రకు కూడ అట్లాగే తగ్గించండి, అది మెల్లగా కాగినా వేడిని పట్టి ఉంచుతుంది.

పాత్రను ఎంత ఎత్తున పెట్టవలెను అంటే, టిన్ను అడుగును చూడక, కేకు నడిమిభాగం ఓవెను నడిమికి వచ్చేటట్లు జాలీని అమర్చండి. పై రాడ్డు మరీ తీక్షణంగా ఉంటే, కేకు పొంగి నిలబడిన తరువాత టిన్నుమీద అల్యూమినియం రేకును వదులుగా కప్పండి. అది రాడ్డును ఆనకుండ చూడండి.

అడుగు అంతస్తులో కాల్చిన మట్టి పెంకునో, దళసరి ఇనుప పెనాన్నో రాడ్లకు తగలకుండ పెట్టి, ఇరవై ముప్పై నిమిషాలు ముందుగా కాగనిస్తే, మన రేకు పెట్టెకు ఇటుక భట్టీ గుణం కొంత వస్తుంది. తలుపు తెరిచినా వేడి వెంటనే పడిపోదు.

లోపల ఫ్యాను ఉన్న ఓవెనులలో గాలి బలవంతంగా తిరుగుతుంది కనుక సెగ చాలావరకు సమంగా ఉంటుంది. అయితే తేమను త్వరగా లాగుతుంది. వాటిలో మామూలుకంటె 20 డిగ్రీలు తగ్గించి పెట్టండి. మైక్రోవేవ్ సంగతి వేరు. దాని తరంగాలు లోపల కొన్నిచోట్ల బలంగాను, కొన్నిచోట్ల బలహీనంగాను నిలుస్తవి. ఆ తేడాను సరిచేయడానికే పళ్లెం గుండ్రంగా తిరుగుతుంది. అందులో పిండి ఉడుకుతుంది గాని రంగు రాదు. రంగు కావలెనంటే కన్వెక్షన్ అమరిక ఉన్నదానినే వాడవలెను.

కేకు నడుమ ఎందుకు పచ్చి?

టిన్ను గోడలు ముందు కాగుతవి, అంచు ముందుగా గట్టిపడుతుంది. నడిమి పిండి ఇంకా ద్రవంగానే ఉండి పొంగుతూ, ఎటూ పోలేక నెత్తిన బుడిపెగా లేచి పగులుతుంది. దీనికి సులభమైన మందు వేడిని పదిహేను డిగ్రీలు తగ్గించి, వ్యవధిని పెంచడం. దిబ్బరొట్టెకు సన్నసెగ పెట్టడం వంటిదే ఇది.

రెండవ ఉపాయం తడిగుడ్డ. దళసరి నూలుగుడ్డను పట్టీగా చించి, నీళ్లలో తడిపి పిండి, అల్యూమినియం రేకులో చుట్టి టిన్ను చుట్టూ కట్టండి. గుడ్డలో తడి ఉన్నంతవరకు టిన్ను ప్రక్కల వేడి నూరు డిగ్రీల దరిదాపులలోనే ఉంటుంది. అంచూ నడుమా కలిసి పొంగుతవి, కేకు బల్లపరుపుగా వస్తుంది. పట్టీ రాడ్లకు దూరంగా ఉండవలెను. చిన్న ఓవెనులో చోటు చాలకపోతే ఈ పని పెట్టుకోకండి.

మూడవది, పిండిని లోతుగా పోయకుండుట. మందం రెండింతలైతే వేడి నడుమకు చేరడానికి పట్టే కాలం దాదాపు నాలుగింతలవుతుంది. లోతైన టిన్ను ఒకటి పెట్టేకంటె, చిన్నవి రెండు మేలు. సన్నని పుల్ల గుచ్చి చూసినప్పుడు తడిపిండి అంటకుండ రావలెను. థెర్మామీటరు గుచ్చి చూస్తే, కాలిన కేకు నడుమ 95 నుండి 99 డిగ్రీల వరకు ఉంటుంది. కేకును మూడింట రెండు వంతుల కాలం గడవకముందు కదపకండి. ఆ తరువాత వెనుకది ముందుకు త్రిప్పవచ్చు. బిస్కత్తులనైతే సగం కాలం కాగానే త్రిప్పండి. రెండు పళ్లేలు పెట్టినప్పుడు పైది క్రిందికి, క్రిందిది పైకి కూడ మార్చండి.

రాగి రంగు చేసే మోసం

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారం 100 గ్రాముల రాగులలో సుమారు 360 మిల్లీగ్రాముల కాల్షియం ఉన్నది. పిల్లలకు ఇంతకంటె మంచి బిస్కత్తు ఏముంటుంది? కాని కాల్చేటప్పుడు రాగితో రెండు ఇబ్బందులున్నవి. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే జిగురు రాగిలో లేదు కనుక బిస్కత్తు పొడిపొడిగా విరుగుతుంది. అందుకని సగం గోధుమపిండి కలపడం మంచిది. రెండవ ఇబ్బంది రంగు. మైదా బిస్కత్తు తెలుపునుండి బంగారు రంగుకు మారడం కంటికి తెలుస్తుంది. రాగిపిండి మొదటినుండీ గోధుమవన్నె. పచ్చిదీ, కాలినదీ, మాడబోయేదీ చూపుకు ఒక్కలాగే ఉంటవి. రొట్టె, కేకులలో ఆరితేరిన చేయి కూడ రాగి దగ్గర మోసపోయేది ఇందుకే.

ఇందుకు సాక్షి బిస్కత్తులను వాడుకొనవచ్చు. అదే వెన్న, అదే తీపితో రాగి లేకుండ, ఒట్టి గోధుమపిండితో అయిదు చిన్న బిస్కత్తులు మిగిలినవాటి బరువుకే, మందానికే చేసి, నాలుగు మూలలా నాలుగు, నడుమ ఒకటి పెట్టండి. రాగి చెప్పలేని సంగతిని అవి రంగుమారి చెబుతవి. ఏ మూల సాక్షి ముందుగా ఎర్రబడితే ఆ మూల సెగ ఎక్కువ. నాలుగైదు వాయిలు గడిచేసరికి చేయి తిరుగుతుంది, సాక్షుల అవసరం తగ్గుతుంది.

రెండవ పరీక్ష త్రాసు. కాలడమంటే చాలావరకు తేమ పోవడమే. గ్రాములలో చూపే చిన్న త్రాసు ఉన్నవారు మూలది ఒకటి, నడిమిది ఒకటి కాల్చకముందు, కాల్చి చల్లారిన తరువాత తూచండి. రెండూ ఒకే విధంగా తగ్గితే సమంగా కాలినట్లు. నడిమిది తక్కువ తగ్గితే దానిలో ఇంకా తేమ ఉన్నది, డబ్బాలో పెట్టిన మూడవనాటికి మెత్తబడుతుంది. బాగా వచ్చిన వాయిలో ఎంత బరువు తగ్గిందో వ్రాసిపెట్టుకోండి. తరువాతి వాయిలకు అదే కొలత.

పాళ్లు ఇవి: వేయించిన రాగిపిండి 100 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, వెన్న 100 గ్రాములు, మెత్తగా పొడిచేసిన బెల్లం 80 గ్రాములు, బేకింగ్ పౌడరు అర చెంచా, చిటికెడు ఉప్పు, యాలకుల పొడి, ముద్ద కలవడానికి రెండు మూడు చెంచాల పాలు. ఒక్కొక్కటి 15 గ్రాములు తూచి ఉండచేసి, అంగుళంలో మూడవ వంతు మందానికి అదిమితే సుమారు 25 వస్తవి. మధ్య అంగుళంన్నర ఎడం ఉంచి, 160 డిగ్రీల వద్ద 18 నుండి 20 నిమిషాలు కాల్చండి. తీసినప్పుడు కొంచెం మెత్తగా ఉంటవి, పళ్లెంలోనే పది నిమిషాలు ఆరితే గట్టిపడతవి. చల్లారిన తరువాత నడిమిది ఒకటి విరిచి చూడండి. లోపల ముదురురంగు తడిగీత కనిపిస్తే మిగిలినవాటిని 120 డిగ్రీల వద్ద మరి అయిదారు నిమిషాలు ఉంచవచ్చు. బరువు, మందం సమానంగా లేకపోతే ఎంత మంచి ఓవెనైనా సమంగా కాల్చలేదు.

కరెంటు తగ్గినప్పుడు

నగరంలో వ్రాసిన వంటల పుస్తకాలలో కనిపించని సంగతి ఒకటి పల్లెటూళ్లవారు గుర్తుంచుకోవలెను. సాయంకాలం దీపాలు, మోటార్లు అన్నీ ఒక్కసారి పనిచేసినప్పుడు వోల్టేజి పడిపోవచ్చు. వోల్టేజి కొంచెమే తగ్గినా రాడ్డు ఇచ్చే వేడి అంతకు మించి తగ్గుతుంది, ఎందుకంటే అది వోల్టేజి వర్గాన్ని అనుసరిస్తుంది. 230 వోల్టుల వద్ద 1500 వాట్లు ఇచ్చే ఓవెను, 200 వోల్టుల వద్ద సుమారు 1130 వాట్లు, 180 వోల్టుల వద్ద సుమారు 920 వాట్లు మాత్రమే ఇస్తుంది. ఉదయం 20 నిమిషాలలో కాలిన వాయి సాయంకాలం అదే 20 నిమిషాలలో పచ్చిగా ఉండడానికి ఇది కారణం కావచ్చు. వోల్టేజి నిలకడగా ఉండే వేళనే కాల్చడం, లేదా కాగనిచ్చే కాలాన్ని పెంచి, గడియారంకంటె సాక్షి బిస్కత్తును నమ్మడం మంచిది. మధ్యలో కరెంటు పోతే తలుపు తెరవకండి. లోపల పెంకు, పెనం పెట్టినవారికి ఆ దాచిన వేడి అప్పుడు అక్కరకు వస్తుంది. ఇంకొక మాట. ఓవెనుకు 15 లేక 16 ఆంపియర్ల ప్లగ్గు, ఎర్తు తీగ తప్పనిసరి. మామూలు ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలించరాదు.

ఓవెను లేని ఇంట

ఓవెను లేనంత మాత్రాన దిగులుపడవలసిన పని లేదు. దళసరి అల్యూమినియం గిన్నెలో అంగుళం మందాన శుభ్రమైన ఇసుక పోసి, దానిమీద ముక్కాలిపీటవంటి స్టాండు పెట్టి, మూతవేసి పది పదిహేను నిమిషాలు కాచి, కేకు టిన్ను దించండి. తరువాత సెగ సన్నగా ఉంచండి. ఇసుక వేడిని పట్టి ఉంచి సమంగా పంచుతుంది. ఇందుకు ప్రెషర్ కుక్కరు కంటె పాత దళసరి గిన్నె మేలు. ఈ పద్ధతిలో లోపం, పైన సెగ లేకపోవడం. కేకు పైభాగం తెల్లగా ఉంటుంది. దానికి మన దిబ్బరొట్టె ఉపాయమే పనికివస్తుంది. మూత బల్లపరుపుగా ఉంటే, చివరి పది పదిహేను నిమిషాలు, ఇంకొక పొయ్యిమీద బాగా కాచిన ఇనుప పెనాన్ని దానిమీద జాగ్రత్తగా ఉంచండి. వెనుకటి నిప్పుల పని అది చేస్తుంది.

మన సోదరీమణులలో ఓవెను ఉన్నవారు వచ్చే ఆదివారం ఒక రొట్టె తెప్పించి, ముక్కలు పరచి, తమ ఓవెను జాతకం వ్రాసుకొందురు గాక. నలుగురు కలిసి వ్యాపారం చేసేచోట ప్రతి ఇంటి ఓవెనుకూ ఒక్కొక్క జాతకం ఉండవలెను. అప్పుడే ఏ ఇంట కాల్చిన బిస్కత్తైనా ఒకే తీరున ఉండి, ఒకసారి కొన్నవారు మళ్లీ వస్తారు. పళ్లెంలో పెట్టిన ఇరవై బిస్కత్తులూ చక్కగా చేతికి వస్తే అందులో మిగిలే రూపాయి ఆ ఇంటి పిల్లల పుస్తకాలకు అక్కరకు వస్తుంది.